ఫోను గుర్తుంచుకుంటే చాలు, పిలవనక్కర్లేదు

బ్యాంకు ఓటీపీ పంపుతుంది. ఫోను వైపు ఓ చూపు చూసి ఆరంకెలు కొట్టేస్తాం. మహా అయితే మూడు నాలుగు సెకన్ల పని. ఇంత చిన్న అడ్డంకి కూడా చేతిలో ఉన్న పనిని చెడగొడుతుందా? మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఆల్ట్‌మన్ బృందం దీన్నే కొలిచి 2014లో ప్రకటించింది. 300 మంది విద్యార్థుల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా, వరస తప్పకుండా చెయ్యాల్సిన చిన్న చిన్న పనులు ఇచ్చారు. ఇప్పుడు ఎన్నో మెట్టు మీద ఉన్నామన్నది తెర మీద కనిపించదు, ఎవరికి వాళ్లు తలలో పెట్టుకోవాల్సిందే. మధ్యమధ్యలో పని ఆపించి, తెర మీద వచ్చిన కొన్ని అక్షరాలు టైపు చేయించారు. ఆ అడ్డంకి సగటున 2.8 సెకన్లు ఉంటే వరస తప్పడం రెట్టింపైంది. 4.4 సెకన్లు ఉంటే మూడింతలైంది.

ఇందులో పైకి కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. ఏ మెట్టు దగ్గర ఏం చెయ్యాలో ఆ పనిలో పొరపాట్లు పెరగలేదు. దాన్ని ఎప్పట్లాగే చేశారు. తప్పింది వరస మాత్రమే. అంటే వాళ్ల నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, ఎక్కడిదాకా వచ్చామన్న ఆనవాలే చెరిగిపోయింది. జీఎస్టీ రిటర్ను నింపుతున్న అకౌంటెంటుకూ, వార్డులో మందుల చార్టు చూసుకుంటున్న నర్సుకూ, గచ్చిబౌలిలో కోడు రాస్తున్న ఇంజినీరుకూ పని బాగానే వచ్చు. వదిలిన చోటే మళ్లీ పట్టుకోవడం దగ్గరే చిక్కంతా.

ఆఫీసులో పని సాగాలంటే ఈ పది యాప్‌లు పెట్టుకోండి అని చెప్పే జాబితాలకు కొదవ లేదు. వాటి మీద నాకు పెద్ద గురి లేదు. కంప్యూటరైనా ఫోనైనా మన పనిలో రెండు వేషాలు వేస్తుంది: ఒకటి గుర్తుంచుకోవడం, రెండోది పిలవడం. మొదటి వేషంలో మనిషి దానికి సాటి రాడు. రెండో వేషం దానికి అస్సలు నప్పదు, ఎందుకంటే మనం ఏ పనిలో ఎంత లోతున ఉన్నామో దానికి తెలియదు. పనివేళల మీద జరిగిన ప్రయోగాలు చదువుతూ పోతే, నిలబడిన అలవాట్లలో చాలా మటుకు ఈ రెండు వేషాలనూ విడదీసేవే.

ముందు మెదడు సంగతి. జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1956లో, మనిషి ఒక్కసారికి తలలో పట్టి ఉంచగలిగేవి సుమారు ఏడని రాశాడు. అటూ ఇటూ రెండు. ఆ వ్యాసం చాలా పేరు తెచ్చుకుంది కానీ ఆ అంకె నిలవలేదు. గుంపులు కట్టి గుర్తుపెట్టుకోవడం, లోలోపల వల్లె వేసుకోవడం లాంటి కిటుకులు తీసేస్తే మిగిలేవి సుమారు నాలుగేనని 2001లో నెల్సన్ కొవాన్ చూపించాడు. నాలుగు! లెటరు రాస్తున్నాం, అందులో చెప్పాల్సిన ముఖ్య విషయం ఒకటి, జత చెయ్యాల్సిన ఫైలు ఒకటి, సారుకు నచ్చేలా పెట్టాల్సిన మాట ఒకటి, సాయంత్రం పిల్లాణ్ని ట్యూషన్ నుంచి తీసుకురావడం ఒకటి. అక్కడితో గది నిండిపోయింది. ఐదోది లోపలికొస్తే ఏదో ఒకటి బయటికి పోవాలి. ఏది పోవాలో మన ఇష్టం కాదు.

ఒక పని నుంచి ఇంకో పనికి మారడానికి అయ్యే ఖర్చును ఇంకా ముందే, 1927లోనే, ఆర్థర్ జెర్సిల్డ్ కొలిచాడు. ఒకే రకం లెక్కలు వరసగా చేయిస్తే పట్టే సమయం కన్నా, రెండు రకాలను మార్చి మార్చి చేయిస్తే ఎక్కువ పట్టింది. 1995లో రాజర్స్, మాన్సెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అడుగు ముందుకెళ్లారు. ఇప్పుడు పని మారబోతోందని ముందే తెలిసినా, సిద్ధం కావడానికి వ్యవధి ఇచ్చినా, ఆ ఖర్చు తగ్గిందే కానీ పూర్తిగా పోలేదు. ‘నేను ఒకేసారి నాలుగు పనులు చేస్తా’ అని గొప్పగా చెప్పుకునేవాళ్లు నిజానికి నాలుగు పనుల మధ్య పరుగెత్తుతున్నారు, ప్రతి పరుగుకూ సుంకం కడుతున్నారు.

ఈ సుంకంలో మనసు కట్టే వాటాను సోఫీ లెరాయ్ 2009లో బయటపెట్టింది. ఒక పని సగంలో వదిలి రెండోదానికి వెళ్తే, మొదటి పని తాలూకు ఆలోచన కొంత వెనకే ఉండిపోతుంది, దాంతో రెండో పని నాణ్యత పడిపోతుంది. ఇంతవరకూ మనందరికీ అనుభవమే. 2018లో థెరీసా గ్లోమ్‌తో కలిసి ఆమె కనుక్కున్న విరుగుడు మాత్రం చాలామందికి తెలియదు. పని మధ్యలో లేవాల్సి వచ్చినప్పుడు, ఎక్కడిదాకా వచ్చాను, తిరిగొచ్చాక మొదట ఏం చెయ్యాలి అన్న రెండు ముక్కలు రాసి లేస్తే, ఆ తర్వాతి పని మీద దృష్టి బాగా నిలిచింది. దీనికి ఏ చందా కట్టక్కర్లేదు. ఎక్సెల్‌లో పని చేస్తుంటే ఆ గడికే కామెంటు పెట్టొచ్చు, వర్డ్‌లోనైతే కర్సరు ఉన్న చోటే ‘ఇక్కడ: మార్చి నెల బిల్లులు సరిచూడాలి’ అని కొట్టి లేవొచ్చు. ‘ఒక్క నిమిషం సార్, వస్తున్నా’ అనే ఆ ఒక్క నిమిషంలో మనం చేయగలిగిన అత్యంత లాభసాటి పని ఇదేనని నా అభిప్రాయం.

ఇలా చెబుతుంటే మన వేదిక మీద ఎనిమిది మంది మధ్య కూర్చునే అవధాని గుర్తుకు రాక మానడు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు, ఒకరు వర్ణన అడుగుతారు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఉండేదే ధ్యాస చెదరగొట్టడానికి. ఇన్నిటి మధ్యా అవధాని ఎలా నెగ్గుకొస్తాడు? సాధనా ధారణా సరే, ఆ ఏర్పాటును కూడా చూడండి. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పృచ్ఛకుడికి ఒక పాదం చెబుతాడు. పాదం పూర్తయ్యాకే పక్కవాడి దగ్గరికి వెళ్తాడు. ఎవరి తర్వాత ఎవరో ముందే తెలుసు. ఛందస్సూ యతిప్రాసలూ తర్వాతి పాదానికి చేయి అందిస్తాయి. అంతరాయం కలిగించే హక్కు కూడా ఒకరికి అప్పగించిన బాధ్యత. సగటు ఆఫీసులో ఇందుకు పూర్తిగా తలకిందులు: పాదం మధ్యలో పిలుస్తారు, వరస ఉండదు, పైగా ఎనిమిది మందీ అప్రస్తుత ప్రసంగమే చేస్తారు. చివర్లో ధారణ మాత్రం మన దగ్గరే అడుగుతారు.

ఆఫీసుల్లో నిజంగా ఏం జరుగుతోందో చూడ్డానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌లోని గ్లోరియా మార్క్ ఉద్యోగుల వెనకే స్టాప్‌వాచ్ పట్టుకుని తిరిగే పద్ధతితో మొదలుపెట్టింది. 2004లో ప్రకటించిన లెక్క ప్రకారం ఒక తెర మీద చూపు నిలిచే సమయం సగటున రెండున్నర నిమిషాలు. కంప్యూటరే లెక్కపెట్టే రోజులొచ్చాక, 2012 నాటికి అది 75 సెకన్లు. ఆ తర్వాతి కొలతల్లో 47 సెకన్లకు వచ్చింది. పత్రికల్లో ఆమె పేరు మీద తిరిగే మాట ఇంకొకటుంది: ఒకసారి దృష్టి చెదిరితే మళ్లీ కుదురుకోవడానికి 23 నిమిషాలు పడుతుందని. 2005 నాటి ఆమె పరిశోధనా పత్రం చెప్పేది కొంచెం వేరు. వదిలేసిన పనికి అదే రోజు తిరిగొచ్చేసరికి సగటున పాతిక నిమిషాలు గడుస్తున్నాయి, ఎందుకంటే మధ్యలో మరో రెండు పనుల మీదికి వెళ్లొస్తున్నారు. అంటే ఆ పాతిక నిమిషాలూ మెదడు మొద్దుబారి కూర్చోలేదు, వేరే పనుల్లో తిరుగుతోంది. సమస్య జడత్వం కాదు, దారి తప్పడం.

ఆమె లెక్కల్లో నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా తోచింది, ఈ అంతరాయాల్లో దాదాపు సగం ఎవరూ పిలవకుండానే మనంతట మనం కల్పించుకున్నవి కావడం. ఫోను మోగలేదు, అయినా చేయి దాని మీదికి పోయింది. ఆమె బృందం చేసిన ఇంకో ప్రయోగం ఫలితాన్ని 2008లో ప్రచురించారు. అంతరాయాల మధ్య పనిచేసినవాళ్లు పనిని ఆలస్యంగా కాదు, త్వరగా ముగించారు! పోయిన సమయాన్ని రాబట్టాలని వేగం పెంచారు. అందుకు మూల్యంగా ఒత్తిడి, చిరాకు, శ్రమ పెరిగాయి. రోజంతా పింగులకు జవాబులిచ్చి సాయంత్రానికి ‘ఇవాళ భలే పని అయింది’ అనిపించడం వెనక ఇలాంటిదే ఉండి ఉంటుంది. ఆ వేగం నిజమే. దాని బిల్లు ఇంటికొచ్చాక అందుతుంది.

ఫోను మోగినా తీయకపోతే సరిపోతుందనుకుంటాం. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో 2015లో ఇదీ చూశారు. నిలకడగా గమనించాల్సిన పని చేస్తున్నవాళ్లకు కాల్ గానీ మెసేజ్ గానీ వచ్చినట్టు సంకేతం అందింది. వాళ్లు ఫోను ముట్టుకోలేదు. అయినా తప్పులు పెరిగాయి. ఎవరై ఉంటారన్న ఆలోచన చాలు. ఆపేసిన ఫోను బల్ల మీద ఉన్నా మెదడు మందగిస్తుందన్న 2017 నాటి పరిశోధన ఇంకా ఎక్కువ ప్రచారం పొందింది కానీ, అదే ప్రయోగం మళ్లీ చేసినవాళ్లందరికీ ఆ ఫలితం రాలేదు. దాని మీద అంత భారం వెయ్యక్కర్లేదు. ఫోన్ని చూసి భయపడనక్కర్లేదు, దాని మోత సంగతి తేలిస్తే చాలు.

తేల్చడమంటే నోరు నొక్కెయ్యడమేనా? ఈ ప్రశ్నకు జవాబు మన దేశంలోనే దొరికింది. నికొలస్ ఫిట్జ్, కోస్తాదిన్ కుష్లెవ్ తదితరులు రెండొందల పైచిలుకు భారతీయ స్మార్ట్‌ఫోన్ వాడకందార్లతో రెండు వారాల ప్రయోగం నడిపి 2019లో ఫలితాలు వెల్లడించారు. కొందరికి నోటిఫికేషన్లు ఎప్పట్లా వచ్చినప్పుడల్లా, కొందరికి గంటకోసారి, కొందరికి రోజుకు మూడే మూడుసార్లు మూటగట్టి, కొందరికి అసలే రాకుండా ఏర్పాటు చేశారు. మూడుసార్లు అందుకున్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు: దృష్టి నిలిచిందన్నారు, పని సాగిందన్నారు, మనసు తేలికగా ఉందన్నారు. గంటకోసారి అందుకున్నవాళ్లకు అంత తేడా కనిపించలేదు. పూర్తిగా ఆపేసినవాళ్లకు ఆ లాభాలు దక్కకపోగా, ఏదో తప్పిపోతున్నామన్న బెంగ పెరిగింది. ఈ-మెయిల్ విషయంలోనూ ఇలాంటి ఫలితమే. కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 2015లో 124 మందితో చేసిన అధ్యయనంలో, రోజుకు మూడుసార్లే మెయిల్ చూసిన వారంలో ఒత్తిడి తగ్గింది.

కాబట్టి మౌనవ్రతం అక్కర్లేదు, వేళలు పెట్టుకుంటే సరి. ఐఫోన్‌లో 2021 నుంచి నోటిఫికేషన్లను మూటగట్టి చెప్పిన వేళకు ఇచ్చే సదుపాయం ఉంది. ఆండ్రాయిడ్‌లో ‘డు నాట్ డిస్టర్బ్’కు టైంటేబుల్ పెట్టి, ఇంటివాళ్లకూ పై అధికారికీ మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చు. అసలు కష్టం వాట్సాప్ దగ్గర. మన దగ్గర అది కబుర్ల పెట్టె మాత్రమే కాదు, ఎన్నో కార్యాలయాల్లో ఉత్తర్వులు తిరిగే దారి కూడా. ‘శుభోదయం’ పువ్వుల బొమ్మ, మండలాఫీసు నుంచి ‘మధ్యాహ్నంలోగా వివరాలు పంపండి’ అన్న ఆదేశం ఒకే గొంతుతో, ఒకే ‘టింగ్’ మంటూ దిగుతాయి. టీచర్లూ ఆశా కార్యకర్తలూ సచివాలయ సిబ్బందీ ఎన్ని గ్రూపుల్లో ఉంటారో వాళ్లకే లెక్క తెలియదు. ఇక్కడ పనికొచ్చే ఉపాయం ఒక్కటే: గొంతులు వేరు చెయ్యడం. నిజంగా ఆదేశాలొచ్చే ఒకటి రెండు గ్రూపులకు ప్రత్యేకమైన శబ్దం పెట్టి, మిగతావాటిని ఎప్పటికీ మ్యూట్‌లో ఉంచి ఆర్కైవ్‌లోకి నెట్టెయ్యాలి. అప్పుడు మోత మోగితే దానికో అర్థం ఉంటుంది. అడ్మిన్ మనమే అయితే ఆదేశాల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేస్తే, వందమంది పెట్టే ‘ఓకే సార్’లు ఆగిపోతాయి. అలా ఎందుకు చెయ్యరంటే, ‘ఓకే సార్’ కొందరికి ముద్దు.

ఇంతవరకూ పిలుపుల కథ. ఇక గుర్తుంచుకునే వేషానికి వస్తే, ఇక్కడ విజ్ఞానం చెప్పేది మరింత ఆసక్తిగా ఉంటుంది.

బెర్లిన్‌లో కర్ట్ లెవిన్ దగ్గర చదివిన బ్లూమా జైగార్నిక్ 1927లో, పూర్తయిన పనుల కన్నా సగంలో ఆగినవే మనకు ఎక్కువ గుర్తుంటాయని రాసింది. తర్వాతి ప్రయోగాల్లో ఈ జ్ఞాపకం సంగతి అన్నిసార్లూ తేలలేదు. సగంలో వదిలిన పనిని మళ్లీ అందుకోవాలన్న లాగుడు మాత్రం బలంగా నిలిచింది. దాన్ని చల్లార్చాలంటే పని పూర్తి చెయ్యాల్సిందేనా? అక్కర్లేదని మసికాంపో, రాయ్ బౌమైస్టర్ 2011లో చూపించారు. పూర్తికాని పని మనసులో మెదులుతూ వేరే పనికి అడ్డుపడుతుంటే, దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో ఖాయం చేసుకున్నంత మాత్రాన ఆ మెదలడం ఆగింది. పని ఒక్క అంగుళం కదలలేదు, ఏర్పాటు జరిగింది, అంతే.

రాత్రిపూట దీని ప్రభావం ఇంకా బాగా కనిపిస్తుంది. బేలర్ యూనివర్సిటీలో మైకేల్ స్కల్లిన్ 2018లో 57 మందిని నిద్ర ప్రయోగశాలకు రప్పించి, పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయమన్నాడు. కొందరు చేసేసిన పనులు రాశారు, కొందరు చెయ్యాల్సినవి. చెయ్యాల్సినవి రాసినవాళ్లకు సగటున 9 నిమిషాల ముందే నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. రేపటి పనుల జాబితా రాస్తే బెంగ పెరుగుతుందనుకుంటాం కదా, జరిగింది దానికి విరుద్ధం.

రాసిపెట్టడం వల్ల జ్ఞాపకశక్తి మొద్దుబారుతుందన్న బాధ కొందరికి ఉంటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. బెట్సీ స్పారో 2011 ప్రయోగాల్లో, కంప్యూటర్లో దాచి ఉంటుందని తెలిసిన విషయాన్ని జనం తక్కువ గుర్తుపెట్టుకున్నారు. ఎక్కడ దాచారో మాత్రం బాగా గుర్తుంచుకున్నారు. కానీ నాణేనికి రెండో వైపును బెంజమిన్ స్టార్మ్, షాన్ స్టోన్ 2015లో చూపించారు. ఒక ఫైలు చదివిన తర్వాత దాన్ని సేవ్ చేసి రెండో ఫైలు చదివినవాళ్లు, సేవ్ చెయ్యకుండా ముందుకెళ్లినవాళ్ల కన్నా రెండోదాన్ని బాగా గుర్తుపెట్టుకున్నారు. మొదటి బరువు దించుకున్నారు కాబట్టి రెండోదానికి చోటు దొరికింది. సేవ్ చేసినా ఫైలు ఉంటుందో పోతుందో నమ్మకం లేని పరిస్థితి కల్పిస్తే ఆ లాభం మాయమైంది.

ఈ ఒక్క ఫలితం చాలు, యాప్‌ల గోలంతా సర్దుకోవడానికి. మెదడు బరువు దించుకునేది నమ్మకమైన చోట మాత్రమే. సగం పనులు గూగుల్ కీప్‌లో, కొన్ని వాట్సాప్‌లో స్టార్ కొట్టి, మూడు చీటీలు మానిటరు అంచున, ఒకటి అరచేతి మీద ఉంటే ఏ ఒక్క చోటినీ మెదడు నమ్మదు, అన్నిటినీ తనే మోస్తుంది. అందుకే ఏది వాడుతున్నామన్నది పెద్ద విషయం కాదు. ఒక్కటే వాడుతున్నామా, రోజూ తెరిచి చూస్తున్నామా అన్నదే విషయం. వాట్సాప్‌లో మనకు మనమే మెసేజ్ పంపుకునే వీలు 2022లో వచ్చింది. మిగతా హంగులేవీ నేర్చుకోలేమనే పెద్దవాళ్లకు అది బంగారం లాంటిది. పాత డైరీ కూడా ఈ పరీక్ష నెగ్గుతుంది, ఒక్కటే ఉంటే. కొత్త యాప్ దించుకుని, రంగులు ఎంచి, పనులన్నీ అందులోకి ఎక్కించడంలో ఆదివారం గడిచిపోతుంది, పైగా పని చేసినంత తృప్తి! అది పని కాదు, పని చెయ్యడానికి ముస్తాబు.

దాచింది వెతుక్కోవడంలోనూ ఇలాంటి ముస్తాబే ఒకటుంది. ఐబీఎం పరిశోధకులు స్టీవ్ విట్టేకర్ తదితరులు 2011లో 345 మంది తమ పాత మెయిళ్లను ఎలా వెతుక్కుంటున్నారో, 85,000కు పైగా సందర్భాలు గమనించారు. ఫోల్డర్లలో ఫోల్డర్లు పెట్టి పొందిగ్గా సర్దుకున్నవాళ్లకు ఆ శ్రమకు తగిన ఫలం దక్కలేదు. సెర్చ్ పెట్టెలో మాట కొట్టి వెతికినవాళ్లు త్వరగా ముగించారు. సర్దే సమయం మిగులు.

కానీ సెర్చ్ అంటే మనకు అంత సులువా? తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఒక గొయ్యి ఉంది. డీటీపీ సెంటర్లలోనూ ప్రెస్సుల్లోనూ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్లో, అను ఫాంట్లలో కొట్టిన పత్రాలున్నాయి. ఆ పద్ధతిలో కంప్యూటరు లోపల ఉండేవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ ఉన్న సంఖ్యలే, వాటికి తొడిగిన బొమ్మ మాత్రం తెలుగు. ఫాంటు తీసేస్తే అర్థంపర్థం లేని గీతలు మిగులుతాయి. అలాంటి ఫైల్లో ‘పట్టాదారు’ అని వెతికితే కంప్యూటరు నిజాయితీగా ‘లేదు’ అంటుంది. యూనికోడ్ ఇందుకు భిన్నం. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు తనదైన వరస కేటాయించారు, ‘ప’ ఏ ఫాంటులో ఉన్నా ‘ప’గానే నిల్వ ఉంటుంది. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఆఫీసు రికార్డు ఏదైనా వాటిలోంచి ఒకసారి దాటించడం, ఏ ఉత్పాదకత యాప్ కన్నా ఎక్కువ గంటలు మిగులుస్తుంది.

యూనికోడ్‌లోనూ ఒక చిన్న మెలిక. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’కూ ‘వే’కూ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, అదే వాటిని ఒత్తుగా కలవకుండా ఆపుతుంది. ఒకరు దాన్ని పెట్టి, ఇంకొకరు పెట్టకుండా రాస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లకు అవి రెండూ వేర్వేరు మాటలు. అందుకే ఫైలు పేర్లలో చిన్నవి, అలాంటి మెలిక లేని మాటలు పెట్టుకోవడం మేలు. పేరు ముందు తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే, అంటే 2025-03-14 అని పెడితే, ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. మనకు అలవాటైన రోజు-నెల-సంవత్సరం వరసలో పెడితే అన్ని నెలల ఒకటో తారీఖులూ ఒక్క చోట పోగవుతాయి.

టైపింగే అడ్డంకి అయినవాళ్లు నోటితో చెప్పొచ్చు. గూగుల్ 2017లోనే తెలుగు వాయిస్ టైపింగ్ తెచ్చింది. ఇంగ్లిషులో అయితే ఫోను మీద వేళ్లతో కొట్టడం కన్నా మాట సుమారు మూడు రెట్లు వేగమని 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కకట్టారు. ఒత్తులకూ గుణింతాలకూ రెండు మూడు మీటలు నొక్కాల్సిన మనకు ఆ లాభం ఇంకా ఇంపుగానే ఉంటుంది. సంతకం పెట్టే ముందు పేర్లూ అంకెలూ మాత్రం ఒకసారి చూసుకోవాలి.

క్యాలెండరు గురించి ఒక మాట. దాన్ని మనం ఇతరులతో మీటింగుల కోసమే వాడతాం. పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూస్తే, మనతో మనకు మీటింగు పెట్టుకోవడమే దాని అసలు ఉపయోగమేమో అనిపిస్తుంది. సెలవుల్లో ఒక చిన్న నివేదిక రాయమని విద్యార్థుల్ని అడిగాడాయన. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే ఖరారు చేసుకున్నవాళ్లలో సుమారు ముప్పావు వంతు మంది రాసి పంపారు. ఖరారు చేసుకోనివాళ్లలో మూడో వంతే. రెండు జట్లకూ ఉద్దేశం ఉంది, వాయిదా వేసే బుద్ధీ ఉంది. తేడా అంతా ‘మంగళవారం పదింటికి, లైబ్రరీలో’ అన్నచోట. 25 నిమిషాలు పని, ఐదు నిమిషాల విరామం అనే పొమొడొరో పద్ధతి కూడా ఇలాంటి ఖరారే. 1980ల చివర్లో ఇటలీ విద్యార్థి ఫ్రాన్సెస్కో సిరిల్లో వంటింటి టమాటా టైమర్‌తో మొదలుపెట్టాడు. ఆ 25లో మహత్తేమీ లేదు. లోతైన పని నడుస్తుంటే గంట కొట్టి లేపడం దాన్ని కూడా పిలిచే యంత్రంగా మార్చడమే.

ఇక ఇప్పుడందరూ అడిగేది ఏఐ గురించి. 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో, ఆఫీసు రాతపనులకు చాట్‌జీపీటీ వాడినవాళ్లకు సమయం 40 శాతం తగ్గింది, నాణ్యతా పెరిగింది. 2025లో మెటర్ అనే సంస్థ అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్లను తీసుకుని, వాళ్లు ఏళ్లుగా ఎరిగిన ప్రాజెక్టుల మీదే పరీక్షించింది. ఏఐతో 24 శాతం వేగం పెరుగుతుందని వాళ్లు ముందు అంచనా వేశారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిశాక అడిగితే, 20 శాతం వేగంగా చేశామనే నమ్మారు! రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టెయ్యవు. మామూలు రాతపనికి సాయం దొరకడం వేరు, కరతలామలకమైన పనిలో ఇంకొకరి చిత్తుప్రతి దిద్దడం వేరు. నన్ను ఆకట్టుకున్నది మూడో అంకె. పని వేగంగా సాగుతోందన్న అనుభూతి సాక్ష్యంగా చెల్లదు. ఏ పరికరం విలువైనా తేల్చుకోవాలంటే, నెలలో పూర్తయి చేతులు దాటిన పనులు లెక్కపెట్టాలి, సాయంత్రం కలిగిన తృప్తిని కాదు.

ఇదంతా ఒంటరిగా చేసుకోగలిగినంత మేరే. హైదరాబాదులో సాయంత్రం ఆరింటికి అమెరికా లేస్తుంది, ‘క్విక్ కాల్?’ అని టీమ్స్‌లో పాప్ అప్ వస్తుంది, దానికి క్యాలెండరులో పెట్టుకున్న గడి అడ్డుకాదు. 1990లలో లెస్లీ పెర్లో అనే పరిశోధకురాలు అమెరికాలోని ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లను చాలాకాలం దగ్గరుండి గమనించింది. వాళ్లు రాత్రుళ్లు ఉండిపోవడానికి కారణం పని ఎక్కువై కాదు, పగలంతా ముక్కలైపోయి. వారంలో మూడు రోజులు, మధ్యాహ్నం దాకా ఎవరూ ఎవరినీ కదిలించకూడదని ఆమె ఒక నియమం ప్రవేశపెట్టింది. పని సాగిందని ఇంజినీర్లన్నారు, ఆ విభాగంలో అరుదుగా జరిగే విధంగా ఉత్పత్తి గడువుకే బయటికొచ్చింది. ఆమె వెళ్లిపోయాక నియమం కూలిపోయింది. ఎందుకంటే మెప్పు పొందే మనుషులు మారలేదు: అర్ధరాత్రి మంట ఆర్పినవాడికే చప్పట్లు, మంట రాకుండా చూసుకున్నవాడు ఎవరికీ కనిపించడు.

ఏళ్ల తర్వాత ఆమె బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపులో ఇంకో నియమం ప్రయత్నించింది. వారంలో ఒక రాత్రి ఒక్కొక్కరూ మెయిలూ ఫోనూ ముట్టకూడదు, ఏ రాత్రో ముందే జట్టంతా కలిసి నిర్ణయించాలి. కెరీరు దెబ్బతింటుందని మొదట కన్సల్టెంట్లే భయపడ్డారు, బలవంతంగా ఇంటికి పంపాల్సి వచ్చింది. ఈసారి మాత్రం అది కూలలేదు, ఇతర దేశాల్లోని ఆఫీసులకూ పాకింది. మొదటిదానికీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. ఈసారి జట్టు ప్రతి వారం కూర్చుని, ఎవరి రాత్రి దక్కింది, ఎవరిది దక్కలేదు, ఎందుకు అని పై అధికారి ఎదుటే మాట్లాడుకోవాలి.